అసలు పాట వినిపిస్తే ‘ఈ కవర్ కూడా బాగుంది’ అంటున్నారు

ఎంవీపీ_రేడియో

గత ఆదివారం సాయంత్రం మా మేనకోడలు తన స్నేహితురాళ్ళతో బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గర గట్టు మీద కూర్చుని, అమెరికా గాయకుడు ల్యూక్ కూంబ్స్ పాడిన ‘ఫాస్ట్ కార్’ను మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటున్నది. ఆ పాటను గాయని ట్రేసీ చాప్‌మన్ తానే రాసి, తానే బాణీ కట్టి, తానే గిటారు వాయిస్తూ పాడగా 1988లో విడుదలయిందని చెప్పి, షిప్‌యార్డులో చేరిన కొత్తలో జగదాంబ దగ్గర నేను కొన్న క్యాసెట్లలో అది ఒకటని కూడా చెప్పి, అసలు రికార్డును నా ఫోనులో వినిపించాను. చివరిదాకా శ్రద్ధగా విన్న తరువాత ఆ పిల్ల ‘ఈవిడ చేసిన కవర్ కూడా బాగానే ఉంది మావయ్యా’ అన్నది. కవర్ అంటే మరొకరి పాటను మళ్ళీ పాడటమని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా ముంత మసాలా బండి వచ్చింది, ప్రసంగం అక్కడితో ఆగిపోయింది.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. అయితే కిందటి నెల రుషికొండ వైపు ఒకచోట కుర్రవాళ్ళ బృందం పన్నెండు పాటలు పాడగా విన్నాను. అందులో ఒక్కటి కూడా వారి సొంతం కాదు, ఒక్కదానికైనా రాసినవారి పేరు గాని, స్వరం కట్టినవారి పేరు గాని చెప్పలేదు. మరొకరి పాటను పాడి రికార్డు చేసే గాయకుడు ఆ మరొకరికి ఏమి బాకీ పడతాడో, ఆ బాకీ డబ్బుతో తీరుతుందో, పేరు చెబితే తీరుతుందో ఇక్కడ తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

రెండో_చరణం

మీ మేనకోడలిని ఏమీ అనకండి. నేను పదో తరగతి వరకు అన్నమయ్య అనే ఆయన ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారికి పాటలు రాసిపెట్టే ఆస్థాన కవి అనుకున్నాను.

ఉప్పుగాలి

పేరు చెప్పకపోవడం తప్పేనని ఒప్పుకుంటాను, కాని కవర్ పాడటమే ఒక మెట్టు తక్కువ పని అన్న ధ్వని మీ మాటల్లో ఉన్నది, దానితో నేను ఏకీభవించలేను. బీటిల్స్ బృందం 1963లో తెచ్చిన తొలి ఆల్బంలో 14 పాటలుంటే అందులో 6 ఇతరులవే. ‘రెస్పెక్ట్’ పాటను ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడినప్పుడు అది ఇంటికి తిరిగి వచ్చిన మగవాడు భార్యను మర్యాద అడుక్కునే పాట. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాటను ఆడదాని నోట పెట్టి, ఆ మాటను అక్షరం అక్షరంగా విడదీసి పలికే భాగాన్ని తానే చేర్చింది. ఈ రోజు ఆ అక్షరాలు లేకుండా ఆ పాటను ఎవరైనా ఊహించగలరా? అసలు రికార్డులో అవి లేనే లేవు.

నేను లాసన్స్ బే కాలనీలో ఉంటాను. సముద్రపు గాలికి గిటారు తీగలు నెల తిరక్కుండానే తుప్పు పడతాయి, కాబట్టి మూడు వారాలకొకసారి తీగలు మార్చుకుంటూ నాలుగేళ్ళుగా ఇతరుల పాటలే పాడుతున్నాను. సొంత పాట ఒకటి పెడితే మా అమ్మ, ఇద్దరు పిన్నులు మాత్రమే విన్నారు. తెలిసిన పాట పాడితేనే మనుషులు ఒక్క క్షణం ఆగుతారు.

గాజువాక_గ్రామఫోన్

ఉప్పుగాలి గారు ఒకవైపు ఉదాహరణలే చెప్పారు, రెండోవైపు కూడా చూడాలి. లిటిల్ రిచర్డ్ 1955లో ‘టుటి ఫ్రూటి’ పాడితే, నల్లజాతి గాయకుల రికార్డులను వేయడానికి వెనకాడే రేడియో కేంద్రాల కోసం పాట్ బూన్ అనే తెల్ల గాయకుడు అదే పాటను కారం తీసేసిన పప్పులాగా పాడి అందించాడు, అమ్మకాల పట్టికలో అసలుదాని కంటే పైకి వెళ్ళాడు. తరువాత వచ్చిన ‘లాంగ్ టాల్ శాలీ’ని బూన్ నోరు తిరగకూడదనే రిచర్డ్ అంత వేగంగా పాడాడని చెప్పుకుంటారు. బూన్ దాన్నీ వదల్లేదు గాని, ఈసారి రిచర్డ్ రికార్డే ముందు నిలిచింది. ఆ కాలంలో కవర్ అంటే మరొకరి పాటకు నివాళి కాదు, మరొకరి గిరాకీని తన కొట్టు వైపు మళ్ళించుకోవడం.

మన దగ్గర మాత్రం తక్కువా? 1980లలో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక బండి మీద పాత హిందీ సినిమా పాటల క్యాసెట్ సగం ధరకు దొరికితే ఎగిరి గంతేసి కొన్నాను. అట్ట మీద హీరో, హీరోయిన్ల బొమ్మ, సినిమా పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఇంటికి వచ్చి టేప్ రికార్డరులో పెడితే రఫీ గారి బదులు ఎవరో జలుబు చేసిన అబ్బాయి వినిపించాడు. అట్టను తిప్పి చూస్తే కింద చీమ తలకాయంత అక్షరాల్లో వేరే గాయకుడి పేరు ఉన్నది. మా నాన్నగారు ఆ క్యాసెట్‌ను చూసినప్పుడల్లా నన్ను చూసి నవ్వేవారు.

మర్రిపాలెం_మ్యూట్

ఆ జలుబు అబ్బాయిల్లో కొందరు తరువాత పెద్ద గాయకులయ్యారని మరిచిపోవద్దు. సోనూ నిగమ్‌కు తొలి రోజుల్లో పేరు తెచ్చినవి రఫీ పాటల కవర్ క్యాసెట్లే.

సిరిపురం_ప్లీడర్

గ్రామఫోన్ గారు కొన్న క్యాసెట్ ఊరికే పుట్టుకురాలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో, అసలు రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక రెండేళ్ళు ఆగి, హక్కుదారుకు నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి, కొత్త గొంతుతో అదే పాటను రికార్డు చేసుకోవచ్చునన్న వెసులుబాటు ఉండేది. టీ-సిరీస్ అధినేత గుల్షన్ కుమార్ ఈ దారినే ఒక పెద్ద వ్యాపారంగా మార్చారు. 2012 సవరణలో ఆ వెసులుబాటును తీసివేసి, 31సి అనే కొత్త సెక్షన్‌ను పెట్టారు. ఇప్పుడు ఆగవలసినది ఐదేళ్ళు. రాయల్టీ ముందుగానే చెల్లించాలి, అదీ ఒక్కొక్క పాటకు ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప సాహిత్యంలో గాని, సంగీతంలో గాని మార్పు చేయకూడదు. అంటే ఉప్పుగాలి గారు మెచ్చుకున్న అరీతా ఫ్రాంక్లిన్ ఈ సెక్షన్‌ను నమ్ముకుని విశాఖలో రికార్డు చేసి ఉంటే, ఆ అక్షరాలు చేర్చినందుకే చిక్కుల్లో పడేది.

రేడియో గారి ప్రశ్నకు సంబంధించిన విచిత్రం ఒకటి ఇక్కడే ఉన్నది. జనం పొరబడకుండా ఉండటానికి, అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని స్పష్టంగా రాయాలని చట్టం చెబుతుంది. అదే వాక్యంలో, ఆ పాటను అంతకుముందు పాడిన గాయకుడి పేరు గాని, ఆ పాట ఉన్న సినిమా పేరు గాని అట్ట మీద ఉండకూడదని కూడా చెబుతుంది. మీరు అసలు గాయని పేరు చెప్పలేదని బాధపడుతున్నారు, చట్టమేమో ఆ పేరును అట్ట మీదికి రానివ్వవద్దంటున్నది.

ఎంవీపీ_రేడియో

ఇది నేను ఊహించని సంగతి. అయితే చట్టం ప్రకారం ఎవరి పేరూ చెప్పనక్కర లేదా?

సిరిపురం_ప్లీడర్

అలా కాదు. నిషేధం మునుపటి గాయకుడి పేరును, సినిమా పేరును చూపించి సరుకు అమ్ముకోవడానికి మాత్రమే. పాట రాసినవారికీ, స్వరం కట్టినవారికీ, ఇది మా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఉన్నది, హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా అది వారిని వదలదు. ఇక 31సి సెక్షన్ మొత్తం ప్రతుల లెక్క మీద, క్యాసెట్లు, సీడీల కాలాన్ని మనసులో పెట్టుకుని రాసినది. గదిలో పాడి ఫోనుతో పెట్టే పిల్లలకు అది ఎందుకూ కొరగాదు, వారు హక్కుదారు దగ్గర నేరుగా అనుమతి తీసుకోవలసిందే. దృశ్యం జోడిస్తే దానికి వేరే అనుమతి కావాలి.

డాబాగార్డెన్స్_డెసిబెల్

ప్లీడరు గారు చెప్పిన అనుమతులు తీసుకుని వచ్చినవారిని నేను నా పదిహేనేళ్ళ రికార్డింగ్ వృత్తిలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. నా గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉంటుంది. మైకులో మోత వస్తుందని ఫ్యాను ఆపేస్తాం, ఏసీ కూడా ఆపేస్తాం, కాబట్టి మే నెలలో పల్లవి పూర్తయ్యేసరికి పాడేవారి చొక్కా పిండవచ్చు. వచ్చేవారిలో ఎక్కువమంది యూట్యూబ్ నుంచి దింపుకున్న కరోకే ట్రాకు మీద పాడి వెళ్ళిపోతారు. గొంతుకు అందకపోతే ట్రాకును రెండు సగం మెట్లు కిందికి దింపమంటారు. అలా దింపినప్పుడు వయొలిన్లు వానలో తడిసిన పిల్లుల్లాగా మూలుగుతాయి, అయినా సరే పెట్టెయ్యమంటారు.

తరువాత అసలు కథ మొదలవుతుంది. కంటెంట్ ఐడీ అనే యంత్రాంగం ఆ ట్రాకును గుర్తుపట్టి హక్కుదారు సంస్థకు చెబుతుంది. ఆ సంస్థ వీడియోను ఆపివేయవచ్చు, లేదా ఉండనిచ్చి దాని మీద వచ్చే ప్రకటనల డబ్బును తాను తీసుకోవచ్చు. ట్రాకు వాడకుండా కొత్తగా వాయించినా బాణీని బట్టి పట్టుకుంటుంది. నా దగ్గర పాడిన ఒక అమ్మాయి వీడియోను లక్షమందికి పైగా చూశారు, ఆమెకు ఒక్క రూపాయి రాలేదు. ఆమె ఏడుస్తూ ఫోను చేసినప్పుడు ఏమి చెప్పాలో నాకు తెలియలేదు, ఎందుకంటే ఆ పాట నిజంగానే ఆమెది కాదు.

ఉప్పుగాలి

ఆమెది కాదు సరే, కాని ఆ గొంతు ఆమెది, ఆ శ్రమ ఆమెది. మొత్తం డబ్బు సంస్థకే పోవడం న్యాయమంటారా?

డాబాగార్డెన్స్_డెసిబెల్

న్యాయమని నేను అనలేదు. కొన్ని పాటలకు హక్కుదారు ఒప్పుకుంటే పాడినవారికి కూడా వాటా ఇచ్చే పద్ధతి ఉన్నది. ఆమె ఎంచుకున్న పాటకు ఆ వీలు లేదు.

గాజువాక_గ్రామఫోన్

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెబుతాను. డాలీ పార్టన్ ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాటను రాసి 1974లో విడుదల చేసింది. ఎల్విస్ ప్రెస్లీ ఆ పాటను పాడతానన్నాడు, ఆమె పొంగిపోయింది. తీరా రికార్డింగ్ ముందు ఎల్విస్ మేనేజరు, పాట ప్రచురణ హక్కులో సగం తమకు రాసివ్వాలని మెలిక పెట్టాడు. ఎల్విస్ అంతటివాడు పాడతానంటే వద్దని చెప్పి, ఆ రాత్రంతా ఏడ్చానని ఆమే తరువాత చెప్పుకున్నది. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడితే అమెరికా పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది, రచయిత్రికి రావలసిన రాయల్టీ మొత్తం పార్టన్‌కే వచ్చింది. కవర్ అసలుదాన్ని మింగేసినా రాసినావిడ నష్టపోలేదు. పేరు ఎవరికి దక్కినా కాగితం ఎవరి దగ్గర ఉన్నదన్నదే ముఖ్యం.

మర్రిపాలెం_మ్యూట్

అరీతా విషయంలో అది తిరగబడింది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రచయితకు డబ్బు ముడుతుంది గాని, పాడినవారికి ముట్టదు. ‘రెస్పెక్ట్’ రేడియోలో ఎన్ని వేలసార్లు మోగినా ఆ డబ్బు రెడ్డింగ్ వారిదే, అక్షరాలు చేర్చిన అరీతాకు అందులో చిల్లిగవ్వ రాలేదు.

కంచరపాలెం_కీబోర్డు

నేను ఇరవై రెండేళ్ళుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, కాలనీ సంఘాల వార్షికోత్సవాలు అన్నీ ఇతరుల పాటలతోనే గడుస్తాయి. మాకు ‘కవర్’ అన్న మాట కూడా లేదు, పాట అంటే పాట. అయితే ఒక మర్యాద ఉండేది. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ కార్యక్రమంలో పిల్లలు పాడబోయే ముందు సినిమా పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు, మొదట పాడినవారి పేరు చెప్పేవారు, బాలు గారు ఆ రచయిత గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పేవారు. ఆ కార్యక్రమం చూసి పెరిగిన పిల్లలు మా బృందంలో చేరినప్పుడు ఎవరూ చెప్పకుండానే మైకు పట్టుకుని ఆ వివరాలు చదివేవారు. కిందటి చవితికి గోపాలపట్నంలో ఒక పందిట్లో మా గాయని అలా చెబుతుంటే, వెనక నుంచి నిర్వాహకుడు ‘పేర్లు తరువాత, ముందు పాట కానీయండమ్మా’ అని కేకవేశాడు.

అదే బాలు గారికి 2017లో, అమెరికా పర్యటనలో ఉండగా, తన పాటలను అనుమతి లేకుండా వేదిక మీద పాడకూడదని ఇళయరాజా గారి తరఫున నోటీసు వచ్చింది. బాలు గారు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో రాసి, ఆ పర్యటనలో ఆ పాటలు పాడబోమని ప్రకటించారు. ఆ పాటలను మొదట పాడినది ఆ గొంతే. ఆ వార్త చదివిన రోజు మా బృందం రిహార్సలు జరగలేదు, అందరమూ వాదించుకుంటూ కూర్చున్నాం. మా తబలా ఆయన ఇళయరాజా గారి పక్షం, నేను బాలు గారి పక్షం. ఇప్పటికీ మాకు ఒప్పందం కుదరలేదు.

సిరిపురం_ప్లీడర్

అక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. రికార్డు చేయడం వేరు, వేదిక మీద పాడటం వేరు. వేదిక మీద పాడటానికి సాధారణంగా కార్యక్రమ నిర్వాహకుడు రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ వంటి సొసైటీ దగ్గర లైసెన్సు తీసుకోవాలి, ఆ బాధ్యత గాయకుడి నెత్తిన పడటం అరుదు. మీ తబలా ఆయనకు నా తరఫున ఒక నమస్కారం చెప్పండి.

కంచరపాలెం_కీబోర్డు

చెప్పను. ఆయన ఇప్పటికే మా మాట వినడం లేదు.

తగరపువలస_తంబుర

రెండో చరణం గారు హాస్యానికి అన్నా, ఆ మాటలో విషయం ఉన్నది. అన్నమయ్య పదాలు 15వ శతాబ్దానివి. తిరుమలలో దొరికిన రాగి రేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గాని స్వరం లేదు. ఎమ్మెస్ గారి గొంతులో మనమందరమూ విన్న ‘నానాటి బతుకు నాటకము’కు రేవతి రాగంలో ఆ బాణీ కట్టినవారు నెదునూరి కృష్ణమూర్తి గారు. ఆయన చివరి సంవత్సరాలు మన విశాఖలోనే గడిపి 2014లో ఇక్కడే కన్నుమూశారు. ఆ పాటను కొత్త వాద్యాలతో రికార్డు చేసి ‘సంప్రదాయ గీతం’ అని రాసేసే పాప్ గాయకులు, అది వెయ్యేళ్ళుగా గాలిలో తేలుతున్న బాణీ అనుకుంటున్నారు. ఆ బాణీ కట్టిన మనిషిని ఈ ఊరి వీధుల్లో చూసినవాళ్ళం ఇంకా బతికే ఉన్నాం.

నా దగ్గరకు వచ్చే పిల్లలకు కొత్త వాద్యాలతో పాడవద్దని నేను ఎప్పుడూ చెప్పను. ఒక పిల్లవాడు అదే కీర్తనను గిటారు మీద పాడి తెచ్చాడు. చరణంలో ఒక సంగతిని, అంటే అదే పంక్తిని మార్చి పాడే స్వర విన్యాసాన్ని, మింగేసి, దాని బదులు ఒక క్షణం మౌనంగా ఉన్నాడు. ముందు తిట్టబోయాను. రెండోసారి వింటే ఆ మౌనం ఆ మాటకు సరిగ్గా అతికినట్టు తోచింది. ఆ సంగతి అందులో ఉన్నదని వాడికి తెలుసో లేదో మాత్రం అడిగాను. ‘తెలుసండి, గొంతులో పలకక వదిలేశాను’ అన్నాడు.

రెండో_చరణం

అమ్మా, మొదటి పోస్టు రాసినందుకు లెంపలు వేసుకుంటున్నాను. నెదునూరి గారి సంగతి నాకు తెలియదు.

గాజువాక_గ్రామఫోన్

తంబుర గారి శిష్యుడికి ఉన్నపాటి నిజాయితీ ఉంటే నాకు అభ్యంతరమే లేదు. పలకక వదిలేసి, దానికే ‘నా శైలి’ అని పేరు పెట్టుకునేవారితోనే నా పేచీ.

ఉప్పుగాలి

అసలు ఎవరి పాటకు ఎవరు కవర్ అన్నది ఎలా తేలుస్తారు? ‘హలెలూయా’ లియొనార్డ్ కోహెన్ 1984 ఆల్బంలోది. జాన్ కేల్ ఆ పాటను పాడదలచి సాహిత్యం అడిగితే, కోహెన్ 15 పేజీల చరణాలను ఫ్యాక్సులో పంపాడు. కేల్ వాటిలోంచి తనకు నచ్చినవి ఏరుకుని 1991లో పాడాడు. జెఫ్ బక్లీ ఆ కేల్ పాటను విని నేర్చుకుని 1994లో రికార్డు చేశాడు. నేను బక్లీ రికార్డు విని నేర్చుకున్నాను. నేను పాడేటప్పుడు ఆ ముగ్గురి పేర్లూ చెబితే పాట కంటే పేర్లే పొడవవుతాయి. పైగా నా పాట విని నేర్చుకున్న పిల్ల మా కాలనీలో ఒకతె ఉన్నది, ఆమె నా పేరు కూడా చేర్చాలేమో!

డాబాగార్డెన్స్_డెసిబెల్

వీడియో కింద వివరాల పెట్టె ఉన్నది అందుకే. అక్కడ ఎంత పొడుగు రాసినా పాటకు అడ్డం రాదు. ఇకమీదట నా దగ్గర రికార్డు చేసేవారు రచయిత, స్వరకర్త పేర్లు తెలుసుకుని రాకపోతే మిక్సింగ్ అయ్యాక ఫైలు చేతికి ఇవ్వనని గోడ మీద కాగితం అంటించాలనుకుంటున్నాను. నలుగురు గిరాకీలు పోతే పోనీ.

ఎంవీపీ_రేడియో

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం మా మేనకోడలికి చదివి వినిపించాను. ‘ఫాస్ట్ కార్’ తరువాతి కథ కూడా చెప్పాను. కూంబ్స్ ఆ పాటలో ఆడపిల్ల చెప్పే మాటలను సైతం మార్చకుండా ఉన్నదున్నట్టు పాడాడు. 2023లో అమెరికాలోని కంట్రీ సంగీత సంఘం (సీఎంఏ) వారు ఏడాది ఉత్తమ గీతం పురస్కారాన్ని, పాట వచ్చిన 35 ఏళ్ళకు, రాసినందుకు చాప్‌మన్‌కు ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఆ ఇద్దరూ కలిసి పాడారు. ఆ వీడియో చూస్తున్నప్పుడు కూంబ్స్ ఆవిడ వైపు తిరిగి, ఆవిడ పాడే మాటలను పెదవులతో తానూ పలుకుతూ నిలబడిన చోట మా పిల్ల ఫోనును నా చేతిలోంచి లాక్కుని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది.

ఇప్పుడు ఆ పాటను తానే రికార్డు చేస్తానంటున్నది. చాప్‌మన్ పేరు మొదట్లోనే చెబుతానని తనంతట తానే అన్నది. కాని ఒక సందేహం అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. తాను పాటను నేర్చుకున్నది కూంబ్స్ గొంతులోంచి కాబట్టి ఆయన పేరు కూడా చెప్పాలా అని.

తగరపువలస_తంబుర

చెప్పాలి. ఎవరి దగ్గర విని నేర్చుకున్నామో అది వారి పాఠాంతరం. రచన చాప్‌మన్, పాఠాంతరం కూంబ్స్ అని చెప్పమనండి.

సిరిపురం_ప్లీడర్

వీడియో కింద ఎన్ని పేర్లైనా రాసుకోవచ్చు. ఆ పేర్లు చూపించి అమ్ముకోకుండా ఉంటే చాలు. అనుమతి సంగతి మాత్రం మరవవద్దని చెప్పండి.

ఎంవీపీ_రేడియో

‘పాఠాంతరం’ అన్న మాట ఎలా రాయాలో నా చేత కాగితం మీద రాయించుకున్నది. ఆదివారం ఉదయం డెసిబెల్ గారి గది ఖాళీ ఉంటుందా?

డాబాగార్డెన్స్_డెసిబెల్

తొమ్మిది గంటలకు రమ్మనండి, ఎండ ఎక్కితే లోపల కూర్చోలేం. కరోకే ట్రాకు మాత్రం తేవద్దు.

ఉప్పుగాలి

గిటారు నేను వాయిస్తాను. చాప్‌మన్ వాయించినట్టే రెండో మెట్టు మీద, తీగలన్నిటినీ నొక్కిపట్టే కేపో అనే పట్టీ బిగించి మొదలుపెడదాం, పిల్ల గొంతుకు ఎక్కువనిపిస్తే అప్పుడే దింపుకోవచ్చు. తీగలు శనివారం రాత్రి మారుస్తాను.